ఊర్మిల ఏనుగు వదిలేసిన గడి

రండి రండి, ఇలా దగ్గరికొచ్చి కూచోండి. ఆ ముచ్చట్లు ఆపండి, ఫోన్లు జేబుల్లో పెట్టండి. ఊర్మిల ఓడిపోయిన ఆట సంగతి చెబుతా.

బచేలీ ఊరు దాటాక ఒక ఇనుపగనుల కాలనీ ఉంది. అక్కడి ఎర్రదుమ్ము ఎలాంటిదంటే, కోడి గుడ్డు పెడితే పిల్ల తుప్పు పట్టి బయటికొస్తుంది. ఆ కాలనీ క్లబ్బు చదరంగం పోటీలో ఫైనలుకొచ్చిన ఒకే ఒక్క ఆడమనిషి ఊర్మిల. మూడు ఆటల్లో రెండు గెలిస్తే జగ్‌దల్‌పూర్‌లో జరిగే పెద్ద పోటీకి పంపిస్తారు. మొదటిది నిన్న సాయంత్రం సునీల్ అనే కుర్ర ఇంజనీరు చేతిలో పోయింది. ఇవాళా పోతే ఇంక వంటగదే.

పొద్దున పొయ్యి మీద ఉప్మా పెట్టి, మధ్యాహ్నం కూరకి తరుగుతూ ఆ ఆటే మళ్ళీ ఆడుతోంది. గట్టు మీద ఉల్లిపాయ రాజు, టమాటా మంత్రి, బెండకాయ ఏనుగు. సునీల్ గుర్రం పచ్చిమిరపకాయ. ఆ గుర్రం దూకాలని చూస్తున్న గడికి ఏనుగు కాపలా. దూకిందా, రాజుకి చెక్, మంత్రి కూడా పోతాడు. ఇదంతా తనకి తెలుసు. మరి ఏనుగుని అక్కణ్ణుంచి కదిపి, దాంతో బోడి బంటునెందుకు తినిపించింది? పావుల్ని వెనక్కి జరుపుతుంది, ముందుకి జరుపుతుంది. ఉప్మా అడుగంటుతోంది.

“గుర్రాన్ని చూసుకోవద్దూ? మీ ఆడాళ్ళకి ధ్యాస నిలవదు,” అన్నాడు నిన్న ఆట పోగానే మొగుడు కిషోర్. “పోన్లే, టీ మాత్రం అదిరింది. సాబు రెండో కప్పు అడిగాడు.”

ఆ టీ మాట గుర్తొచ్చి ఊర్మిల చేతిలో కత్తి ఆగింది.

క్లబ్బులో ఒక పద్ధతుంది. గని పెద్దసాబు అడుగు పెడితే ఆడవాళ్ళు లేచి టీ పెట్టాలి. నిన్న సెక్రటరీ రాజేశ్వరరావుగారు పిలవగానే తన ఎత్తు వేయకుండానే లేచింది. అల్లం దంచింది, కప్పులు కడిగింది, సునీల్‌కీ ఒకటి అందించింది. అతను కుర్చీ వదలకుండా, ఆమె పావుల్నే చూస్తూ తాగాడు. తిరిగొచ్చేసరికి ఆట గడియారంలో ఆమె టైము అయిపోవచ్చింది. కాపలా సంగతి కప్పులతోపాటే కడుక్కుపోయింది. బంటు కనపడింది, తినేసింది.

తప్పు ఎత్తు దొరికింది. బంటుకన్నా ముందు, కుర్చీలోంచి లేచినప్పుడే పడిందది. పెళ్ళయ్యాక ఒక్క పూటైనా మధ్యలో లేవకుండా అన్నం తిన్నానా అని గుర్తు చేసుకోబోయింది. గుర్తుకు రాలేదు.

సాయంత్రం రెండో ఆట. ఆమె ఎత్తు వేయాల్సిన వేళకి సాబు రానే వచ్చాడు.

“ఊర్మిలమ్మా, కాస్త టీ సంగతి చూడమ్మా,” అన్నారు రాజేశ్వరరావుగారు. కిషోర్ కళ్ళతోనే లెమ్మన్నాడు.

మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి. రెండు చేతులా కుర్చీ పట్టుకుంది. ఆ పట్టుకి గని కొండ అంగుళం కుంగిందంటారు, నేను కాదనను.

“నా టైము నడుస్తోందండీ,” అంది తలెత్తకుండా.

హాలంతా నోరు తెరిచింది. వెనక బెంచీ మీదున్న సీతయ్య, రిటైరైన డంపర్ డ్రైవరు, గొంతు సవరించుకున్నాడు.

“గింతదానికి లొల్లేంది సాబ్? గా గడియారంల సెల్లు తీసెయ్యిండ్రి. టైము ఆగుతది, అమ్మ పోయి చాయ్ పెట్టొస్తది.”

టీ ఇంకెవరైనా పెట్టొచ్చన్న సంగతి ఆ హాల్లో ఒక్క మగాడికీ తట్టలేదు.