ఒకవేళకు వదిలిన గుడ్డ

భార్యను ఆసుపత్రిలో చూపించుకొచ్చిన దగ్గర్నుంచి దర్జీ ఇంట్లో ఒకవేళ అనే మాట ఎక్కువైంది. డాక్టరు ఒక్కసారే అన్నాడు, ఒకవేళ మందు పనిచేయకపోతే అని. కూతురు దాన్ని ఫోనులో పదిమందికి చెప్పింది. ఇప్పుడు బావమరిది కొట్టుకే వచ్చి, మిషను పక్కన స్టూలు మీద కూర్చుని మొదలుపెట్టాడు.

"ఒకవేళ అక్కకు ఏదైనా అయితే... ముందే అనుకోవాలి కదా బావా."

"నీ నోట ఒక్క మంచి మాట రాదేంట్రా?"

"మాటవరసకు అన్నాను."

"మాటవరసకు నీకు లాటరీ తగిలిందనుకోరాదూ?"

బావమరిది చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. కొట్టుకూ ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క తెర. దాని వెనక నుంచి భార్య వచ్చి ఆరు జాకెట్లు బల్ల మీద పడేసింది. మూడు నెలల్లో మనిషి సగమైంది. ఏది తొడుక్కున్నా కొక్కేనికి తగిలించినట్టే ఉంది.

"బిగించి కుట్టండి."

నలభై ఏళ్ళుగా ఆమెకు కొలత లేకుండానే కుట్టినవాడు, ఆరోజు టేపు పట్టాడు. అంకె మాత్రం కాగితం మీద రాసుకోలేదు. మొదటి జాకెట్టు పక్క కుట్లు విప్పి బిగించి, అలవాటు ప్రకారం కొంచెం గుడ్డ లోపల మడిచి ఉంచి, మిగిలింది కత్తిరించి ఇచ్చాడు.

ఆమె తొడుక్కుని వచ్చింది. సరిపోయింది. చంక కింద వేలు పెట్టి చూసుకుంది.

"లోపల ఈ గుడ్డ ఎందుకూ? గుచ్చుకుంటోంది, తీసెయ్యండి."

"వద్దు."

"ఏం?"

"ఒకవేళ..."

ఆమె మొహం మాడిపోయింది. "మీకూ అంటుకుందా ఆ మాట!"

దర్జీకి మాటలు కూడదీసుకోవడం చేతకాదు. సుద్దముక్కను బల్ల మీద అటూ ఇటూ దొర్లించాడు. మనిషి చిక్కిపోతాడని ఏ దర్జీ లోపల గుడ్డ వదలడు. అది ఆమెకు చెప్పాలి.

"ఒకవేళ ఒళ్ళు చేస్తే," అన్నాడు చివరికి.

ఆమె చంక కింది మడతను మళ్ళీ వేలితో తడిమింది. ఆ మాటను ఇటువైపు తిప్పి ఇన్నాళ్ళలో ఎవరూ ఆమెకు చూపించలేదు.

"ఎంత వదిలారేంటి?"

"అంగుళం."

"అంగుళమేనా! నేను మునుపు ఎంతుండేదాన్నో మరిచారా?"

దర్జీ తక్కిన అయిదూ దగ్గరికి లాక్కున్నాడు. కత్తెర సొరుగులో పడేశాడు.

"ఉన్నదంతా లోపలే మడుస్తాను. గుచ్చుకుంటోందని సణగకు మరి."

"సణుగుతాను," అంది ఆమె, స్టూలు లాక్కుని కూర్చుంటూ.