మా ఆయన మానేసినవి

ఈస్టర్‌కి ముందు నలభై రోజుల శ్రమదినాలు వస్తున్నాయంటే అందరూ తమ పాపాలు తలుచుకుంటారు. మా ఆయన మాత్రం ఇంట్లోవాళ్ల పాపాలు తలుచుకుంటాడు.

పెళ్లయిన కొత్తలో ఒక ఏడు మాంసం మానేశాడు. అంతకు నెల ముందే డాక్టర్ కొవ్వు పెరిగిందని చీవాట్లు పెట్టి పంపిన సంగతి చర్చిలో ఎవరికీ చెప్పలేదు. పైగా శ్రమదినాల్లో ఆదివారాలు లెక్కలోకి రావని ఎక్కడో చదివి, వారమంతా తినాల్సింది ఆ ఒక్క పూటలో లాగించేవాడు. ఇంకో ఏడు సిగరెట్ మానేశాడు. ఆయన పనిచేసే టైల్స్ షాపు గోడౌన్ వెనక పొగ మాత్రం మానలేదు. పోయిన ఏడు కోపం మానేశాడు. ఆ సంగతి మొదటిరోజే గమనించి మెచ్చుకోలేదని నా మీద ఒంటికాలి మీద లేచాడు.

ఈ ఏడు పాస్టర్‌గారు చక్కగానే చెప్పారు. ప్రభువు మనకోసం అరణ్యంలో ఆకలితో ఉన్నాడు, ఆయన బాధలో మనమూ కాస్త పాలు పంచుకోవాలి, మీకు బాగా ఇష్టమైనది ఒకటి వదిలి చూడండి, ఆ ఖాళీలో దేవుడికి చోటు దొరుకుతుంది అన్నారు. ఒక్కొక్కరే లేచి కాఫీ అన్నారు, సీరియళ్లన్నారు, ఒకావిడ కొత్త బట్టలంది. మా ఆయన లేచి గొంతు సవరించుకున్నాడు.

"మా ఇంట్లో పేకాట మానేస్తున్నాం."

చప్పట్లు మోగాయి. నా పక్కన చక్రాల కుర్చీలో ఉన్న మామయ్య బిత్తరపోయి నా వైపు చూశారు. మా ఇంట్లో పేకాడేది ఆయనొక్కరే.

మామయ్యకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ మాటా పడిపోయాయి. మంచినీళ్లు కావాలన్నా వేలు చూపించేవారు. అలాంటి మనిషి సాయంత్రమయ్యి, వెనక వీధిలోని రిటైరైన బస్సు డ్రైవర్ వచ్చి ముక్కలు పంచితే చాలు, మాట కూడదీసుకునేవారు. ఆ డ్రైవర్‌ని నేను బాబాయిగారూ అంటాను. నేను కుట్టుపని చేసేదాన్ని కాబట్టి, ఒక అట్టకి గుడ్డతో మడతలు కుట్టి, మామయ్య ఒంటిచేత్తో ముక్కలు నిలబెట్టుకునేలా చేసిచ్చాను. పందెం నా డబ్బాలోని గుండీలు. మిషన్ తొక్కుతూ వాళ్ల మాటలు వినేదాన్ని. "ఏరా, ముక్క వెయ్యడానికి కూడా ప్రతి స్టాపులో ఆగుతావేంటి?" అని మామయ్య ఒకరోజు గుక్క తిప్పుకోకుండా అనేశారు. ఆ ఆట మాన్పించొద్దు, మందుకన్నా అదే బాగా పనిచేస్తోందని డాక్టర్ చెప్పాడు. మా ఆయన ఎదుటే ఆ మాట అన్నాడు.

చర్చి నుంచి వస్తూ దారిలోనే అడిగాను. "ఏవండీ, మీకిష్టమైంది మానమన్నారు గానీ మీ నాన్నకిష్టమైంది కాదుగా?"

"ఇంటి పెద్దగా నేను తీసుకున్న నిర్ణయం. పేకాట వ్యసనం."

"గుండీలతోనా?"

"గుండీలతోనే మొదలవుతుంది."

"పోనీ, ఆదివారాలు లెక్కలోకి రావుగా. ఆ ఒక్కరోజైనా ఆడుకోనివ్వండి."

"అది తిండికి," అన్నాడు మా ఆయన. ఏమాత్రం తడుముకోలేదు.

ఆ సాయంత్రం బాబాయిగారు వస్తే గుమ్మంలోనే ఆపేసి, ఈస్టర్ అయ్యాక రమ్మని చెప్పి, చేతిలో ఒక కరపత్రం పెట్టాడు. బాబాయిగారు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ మా వీధి మొహం చూడలేదు.

మొదట్లో మామయ్య పొద్దుగూకేసరికి "వచ్చాడా?" అని అడిగేవారు. కొన్నాళ్లకి తలుపు వైపు చూడటమే తప్ప అడగడం లేదు. తర్వాత మంచినీళ్లకి మళ్లీ వేలు మొదలైంది. మా ఆయన బీరువాలో పెట్టి తాళం వేసిన పేక పోతే పోయిందని కొత్తది కొనుక్కొచ్చి నేనే ఎదురుగా కూర్చున్నాను. నా ఆట కాసేపు చూసి ఆయన కళ్లు మూసుకున్నారు. నాకు నిజంగా భయమేసింది. ఎంతో కష్టపడి తెచ్చుకున్న మాట మా కళ్ల ముందే పోతోంది. దానికి చప్పట్లు కొట్టించుకున్నవాడేమో సోఫాలో కాళ్లు చాపుకుని ఫోన్ చూసుకుంటున్నాడు.

ఒకరోజు మా ఇంట్లో ప్రార్థన కూటం పెట్టాడు. పాస్టర్‌గారూ, మరో నలుగురూ వచ్చారు. ప్రార్థన కాగానే మా ఆయన కుర్చీ పక్కన చేరి, మాటల్లో తేనె ఒలకబోస్తూ, "నాన్నా, పేక మానేశాక ఎంత ప్రశాంతంగా ఉందో అయ్యగారికి చెప్పు," అన్నాడు.

మామయ్య పెదాలు కదిలాయి. అందరూ ఓపిగ్గా చూస్తున్నారు.

"నేను... మానలేదు," అన్నారు. ఊపిరి తీసుకున్నారు. "వీడు... మాన్పించాడు." ఇంకాసేపటికి, "వీడేం... మానాడు?"

పాస్టర్‌గారు మా ఆయన వైపు తిరిగారు. "అవునూ, మీరేం మానారు బ్రదర్?"

"అంటే... ఇంటి తరఫున..." అని మా ఆయన నీళ్లు నమిలాడు. బాబాయిగారిని గుమ్మంలోంచే పంపేసిన సంగతి నేను చెప్పేశాను.

"ఇంటి సంగతి కాదు, మీ సంగతి. వెళ్లి ఆ పెద్దాయన్ని పిలుచుకురండి. మీ పంతం మానండి, చాలు."

"మానేవాణ్ణే అయ్యగారూ. కానీ అందరి ముందూ మాటిచ్చానుగా, పరువు పోతుంది. ఈస్టర్ తర్వాత చూద్దాం."

నాకు ఒళ్లు మండిపోయింది. మర్నాడు నేనే బాబాయిగారింటికి వెళ్లాను.

"నీమీద కోపం లేదమ్మా," అన్నాడాయన. "మీవాడు వచ్చి పిలిస్తే తప్ప ఆ గుమ్మం తొక్కను."

"తొక్కకండి. మామయ్యనే మీ గుమ్మానికి తెస్తాను."

"తెచ్చెయ్. టీ పెడతాను."

అప్పట్నుంచి సాయంత్రం కాగానే మిషన్ మూసేసి, కుర్చీ తోసుకుంటూ వెనక వీధికి వెళ్లేదాన్ని. మొదటి రెండు మూడు రోజులు మామయ్య ముక్కల వైపు చూస్తూ కూర్చున్నారంతే. ఒకరోజు ఉన్నట్టుండి, "దొంగ వెధవా, జోకర్... దాచావు!" అన్నారు. బాబాయిగారు ముక్కలన్నీ కింద పారేసి నవ్వాడు. నేను పక్కకి తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

మేం ఇంటికొచ్చేసరికి మా ఆయన భోజనం వేళ దాటిపోయేది. మధ్యాహ్నం వండిన అన్నం బల్ల మీద మూతపెట్టి ఉండేది. చల్లారిపోయిందని గొడవ చేశాడు. స్టవ్ వెలిగించుకుని వేడి చేసుకోమన్నాను. ఆ స్టవ్ ఎలా వెలుగుతుందో తెలుసుకోవడం మా ఆయనకి నామోషీ. అలిగాడు, గిన్నెలు చప్పుడు చేశాడు, ఆఖరికి ఆ చల్లన్నమే తిన్నాడు.

ఈస్టర్ రోజు చర్చి కిటకిటలాడింది. శ్రమదినాలు ఎలా గడిపారో లేచి సాక్ష్యం చెప్పమన్నారు. ఇస్త్రీ చొక్కాలో మా ఆయన అందరికన్నా ముందు లేచాడు.

"ఈ శ్రమదినాల్లో నేను వేడి అన్నం మానేశాను," అన్నాడు. గొంతు కూడా వణికించాడు. "ప్రతి రాత్రీ చల్లటి మెతుకులు తింటూ ప్రభువు శ్రమలు తలుచుకున్నాను. నా భార్య కూడా ఎంతో సహకరించింది."

చప్పట్లే చప్పట్లు. ముందు వరుసలో ఒకావిడ కొంగుతో కళ్లొత్తుకుంది. పాస్టర్‌గారు మాత్రం తల వంచుకుని పుస్తకంలో పేజీలు తిప్పుతున్నారు.

మామయ్య నా చెయ్యి పట్టి కిందికి లాగారు. నేను వంగాను.

"అమ్మాయ్, రేపట్నుంచి కూడా వాడికి అన్నం చల్లగానే పెట్టు. పుణ్యం ఎందుకు పోగొట్టుకోవాలి పాపం?"

అంత పొడుగు మాట. ఒక్కచోట కూడా తడబడలేదు. నేను లేచి నిలబడి, చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టాను. అవి తనకే అనుకుని మా ఆయన నా వైపు తిరిగి చెయ్యి ఊపాడు.