వాగు మీది గిజిగాడి గూడు

నేను ఒక గూడును. గిజిగాడు అల్లిన గూడును. అడవి అంచున, వాగు మీదికి వంగిన తాటిమట్ట చివర వేలాడుతుంటాను. పచ్చిగడ్డినీ తాటాకు నుంచి చీల్చిన సన్నటి పోగులనూ తెచ్చి, ఒట్టి ముక్కుతో ముడులు వేసి నన్ను తయారుచేశాడు ఆ పసుపుపచ్చ తలవాడు.

సగం అల్లాక ఆపి, నా కింద వేలాడుతూ, రెక్కలు టపటపలాడిస్తూ ఆడపిట్టలను పిలిచాడు. మనుషుల్లో పెళ్లికొడుకు పిల్లను చూడ్డానికి వెళతాడట. మాలో పెళ్లికూతురే వచ్చి ఇల్లు చూసుకుంటుంది. మొదటి పిట్ట ఒక పోగు లాగి చూసి వెళ్లిపోయింది. రెండోది లోపల కాలే పెట్టలేదు. మూడోది అటూ ఇటూ తిరిగి, అక్కడే కూర్చుంది. మావాడి సంబరం చూడాలి! కింద గొట్టంలాంటి పొడవాటి దారి అల్లేసి, పని ముగియగానే పక్క మట్టకు ఇంకో గూడు మొదలెట్టి, ఇంకో పెళ్లాం కోసం పాట ఎత్తుకున్నాడు. వాడి గుణమే అంత. నాలో పెట్టిన మూడు గుడ్లనూ పొదగడం ఆవిడ వంతే అయింది.

ఆ రోజుల్లోనే కుంజా బుచ్చయ్య కత్తి నడుముకు కట్టుకుని మా చెట్టెక్కాడు. వానకు అతని గుడిసె కారుతోంది, తాటాకు కావాలి. మూడు మట్టలు నరికాడు. నాలుగోది నాదే. దెబ్బ పడింది. నేను గిర్రున తిరిగాను. తల్లిపిట్ట బయటికి ఎగిరి అతని తల చుట్టూ అరుస్తూ తిరిగింది.

కింద నిలబడ్డ అతని భార్య లచ్చమ్మ కేకేసింది. "ఆగు! అండ్ల గుడ్లున్నయేమో సూడు!"

బుచ్చయ్య నన్ను మెల్లగా అరచేతిలోకి తీసుకుని తడిమాడు. "ఎచ్చగున్నదే. పొదుగుతున్నట్టుంది."

"అయితే దిగు."

"మరి మన కప్పో?"

"మనం పలాస్టిక్ పట్టా కప్పుకుందాం. దానికి పట్టా ఏడ దొరుకుతది?"

అతను నవ్వాడు. గాటు పడ్డ చోట నా మట్టను నారతో బిగించి కట్టి దిగిపోయాడు.

గుడ్లు పిల్లలయ్యాయి. తల్లి పొద్దంతా మిడతలు మోసింది. లచ్చమ్మ నీళ్లకు వచ్చినప్పుడల్లా తలెత్తి చూసేది. ఒక ఉదయం రెండు పిల్లలు తుర్రుమన్నాయి. మూడోది గొట్టం అంచున వేలాడి, కింద పారే నీళ్లను చూసి బిగుసుకుపోయింది.

"ఎగురు బిడ్డా, ఎగురు!" లచ్చమ్మ బిందె దించి చప్పట్లు కొట్టింది.

పిల్ల జారింది. నీళ్లకు జానెడు పైన రెక్కలు విప్పుకుని, అవతలి ఒడ్డున పొదలో వాలింది. లచ్చమ్మ వేసిన కేక వాగంతా వినిపించింది.

తల్లి పిల్లల వెంట వెళ్లిపోయింది, నావైపు తిరిగైనా చూడలేదు. నాకేమీ బాధ కలగలేదు. గాలి నాలోంచి దూసుకుపోతోంది. లోపలున్నవాళ్లు ఎక్కడ పడిపోతారోనన్న బెంగ లేకుండా, పుట్టాక మొదటిసారి ఇష్టమొచ్చినట్టు ఊగాను.