రెండోసారి అడిగేవాళ్ళు

సూర్యకళ ప్లాస్టిక్ కుర్చీని రెండు చేతులా ఎత్తి, ఇంకో మడి వెనక్కి జరిగి, మందార మొక్కల వరస వెనకాల వేసుకుంది. ఒక కాలు తడిమట్టిలో దిగబడి కుర్చీ పక్కకి ఒరిగింది. ఇటుకముక్క వెతికి దాని కింద పెట్టి, మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా కూర్చుంది. యాభై నాలుగేళ్ళ మనిషి. బొద్దుగా ఉంటుంది, పాపిట దగ్గర జుట్టు పలచబడింది, కళ్ళజోడు కాడకి నల్లదారం చుట్టి ఉంటుంది. కడియం నర్సరీలో ఆడవాళ్ళంతా నెత్తిన తువ్వాళ్ళు కట్టుకుని నడుములు వంచి పనిచేస్తుంటే, కుర్చీ వేసుకుని ఊరికే చూసే ఈవిడెవరా అని కొత్తవాళ్ళకి ఒళ్ళు మండేది. పాపం, ఊరికే చూడటమే ఆవిడ ఉద్యోగం. ఆ చూడటం కూడా రోజురోజుకీ తగ్గించుకుంటూ రావాలి.

ఆకుల సందులోంచి లోవలక్ష్మి కనిపిస్తోంది. పచ్చవల నీడలో మట్టికుప్ప ముందు బాసింపట్టు వేసుకుని నల్లకవర్లు నింపుతోంది. మూడు దోసిళ్ళ మట్టి, నేలకి రెండు దెబ్బలు, తీసి వరసలో పెట్టడం. ఇరవయ్యొక్కేళ్ళ పిల్ల. ఎవరి మొహంలోకీ చూడదు, అడిగినదానికి తప్ప మాట్లాడదు. ఆటిజం అని కాకినాడ డాక్టర్లు తేల్చేసరికే దానికి పదేళ్ళు దాటాయి. రాజమండ్రిలో ఇలాంటి పిల్లల కోసం నడిపే సెంటరులో ఒక్కొక్కరిని ఒక్కో టీచరుకి అప్పగిస్తారు. లోవలక్ష్మి ఆరేళ్ళుగా సూర్యకళ చేతిలో పెరిగింది. నర్సరీలో పని నేర్పడానికి మొదట్లో మోకాలికి మోకాలు ఆనించి కూర్చునేది సూర్యకళ. తర్వాత వారానికో మడి వెనక్కి. ఇవాళ అసలు కంటికే కనపడకూడదు.

ఎందుకంటే ఇవాళే ఆఖరు. రేపట్నించి సెంటరు లేదు, మూసేస్తున్నారు. నర్సరీ యజమాని భీమరాజు పొద్దున్నే తేల్చి చెప్పేశాడు.

"పిల్ల మంచిదేనండి, కాదన్ను. కానీ టీచర్ గారు పక్కనుంటేనే చేస్తానంటే నేనేం చెయ్యనండి? ఇవాళ సాయంత్రం దాకా మీరు కలగజేసుకోకుండా చేసిందనుకోండి, ఉంచేసుకుంటాను. లేదంటే ఏమీ అనుకోకండి."

అనుకోవడానికేముంది. ఉంచుకోకపోతే ఏమవుతుందో సూర్యకళకి తెలుసు. లోవలక్ష్మి తల్లి అప్పాయమ్మ తెల్లారకుండా కూలికి పోతూ పిల్లని గదిలో పెట్టి గడియ వేసేది. ఆరేళ్ళ కిందట మొదటిసారి ఆ ఇంటికెళ్ళినప్పుడు తలుపుకి లోపలివైపు, పిల్ల చెయ్యెత్తు దాకా, రంగంతా గోళ్ళతో గీకేసి ఉంది. అప్పాయమ్మది తప్పనడానికి నోరు రాలేదు. ఆ గది ఇంకా ఉంది, గడియా ఉంది.

పదకొండైంది. రోహిణీకార్తె ఎండ వల సందుల్లోంచి కూడా చురుక్కుమంటోంది. నీళ్ళ బిందె చంకన పెట్టుకుని ఏసమ్మ మళ్ళమ్మట తిరుగుతోంది. అందరికీ నీళ్ళూ మజ్జిగా పోసేది ఆమే.

"నీళ్ళు తాగుతావేంటే లోవా?"

"వద్దండి," అంది లోవలక్ష్మి తలెత్తకుండా.

ఏసమ్మ ముందుకెళ్ళిపోయింది. ఎంత మర్యాదగా చెప్పిందో అని సూర్యకళ మురిసిపోయింది. పన్నెండున్నరకి ఏసమ్మ మళ్ళీ వచ్చింది, మళ్ళీ అదే మాట. ఒంటిగంటకి అందరితోపాటు క్యారేజీ విప్పుకుని రెండు ముద్దలు తింది పిల్ల. మూడోది మింగుడు పడక నోట్లో అటూ ఇటూ తిప్పి ఉమ్మేసింది. గిన్నె మూత పెట్టేసి పనిలో కూర్చుంది. పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

సూర్యకళ సంచీ తడుముకుంది. చేతికి నీళ్ళసీసా తగిలింది. నర్సరీకి వస్తున్న నాలుగు నెలల నుంచీ గంటకోసారి తనే మూత తీసి అందించేది. కళ్ళజోడు తుడుచుకున్నంత అలవాటుగా చేసేది కాబట్టి అదొక సాయమని ఎవరికీ తోచలేదు, తనకి అంతకన్నా తోచలేదు. పని నేర్పింది, బస్సెక్కడం నేర్పింది, దాహమైతే అడగడం మాత్రం నేర్పలేదు.

అదైనా నయమే. అంతకన్నా ఘోరం, వద్దనడం నేర్పింది. సెంటరుకి వచ్చిన కొత్తలో ఎవరింటి గృహప్రవేశంలోనో లోవలక్ష్మి పక్కవాళ్ళ విస్తట్లో లడ్డూ తీసుకుని తినేసింది. బంధువెవడో అందరి ముందూ చెంప పగలగొట్టాడు. ఆ కోపంలో సూర్యకళ మూడు నెలలు బిస్కెట్ల పళ్ళెం ముందు పెట్టుకుని పాఠం చెప్పింది. తింటావా అంటే వద్దండి అనాలి. వెంటనే మళ్ళీ అడిగితే కొంచెం పెట్టండి అనాలి. పిల్ల అక్షరం పొల్లుపోకుండా పట్టేసింది. ఈ ప్రాంతంలో ఎవరింటికెళ్ళినా రెండోసారి అడుగుతారు, మూడోసారి బతిమాలతారు, నాలుగోసారి వడ్డించేస్తారు. కాబట్టి ఏ లోటూ రాలేదు, పైగా పెంపకమంటే ఇదీ అన్నారు. కానీ నలభైమందికి నీళ్ళు పోసే మనిషి అక్కడే నిలబడి రెండోసారి ఎందుకు అడుగుతుంది?

సూర్యకళ గబుక్కున లేచింది. షెడ్డు అరుగు మీద కూర్చున్న భీమరాజు చెయ్యి ఊపాడు. "కూర్చోండి టీచర్ గారూ. బాగానే చేస్తోంది కదండి."

కూర్చుంది. ఇప్పుడు తను వెళ్ళి సీసా అందిస్తే గది, గడియ. వెళ్ళకపోతే ఈ ఎండకి పిల్ల సొమ్మసిల్లి పడిపోతుంది. తన మీద తనకి అసహ్యం వేసింది. ఆ పాఠం తనకి ఎవరూ పళ్ళెం పెట్టి నేర్పలేదు, పుట్టుకతోనే వచ్చినట్టుంది. ముప్ఫై ఏళ్ళ కిందట మురళీకృష్ణ అని లెక్కల మాస్టారు వాళ్ళక్కని పంపి, చేసుకుంటారా అని అడిగించాడు. ఇప్పుడే వద్దండి అంది, మళ్ళీ వస్తారు కదా అనుకుంటూ. రెండు నెలల్లో అతని పెళ్ళికి వెళ్ళి అక్షింతలు వేసొచ్చింది. తమ్ముడు గణేష్‌బాబు పెద్దాపురంలో ఇల్లు కట్టుకుని, వచ్చి మాతోనే ఉండక్కా అన్నాడు. ఎందుకురా, వద్దులే అంది. వాడు హమ్మయ్య అనుకున్నాడో బాధపడ్డాడో గానీ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మంచి మనిషి, ఏమీ ఆశించదు అని అందరూ అంటారు. ఎన్ని ఆశించిందో తనకి తెలుసు.

ఈ మర్యాదని పిల్లకి కూడా అంటగట్టింది. దాన్ని ఒలిచెయ్యాలంటే మళ్ళీ మూడు నెలలు పడుతుంది. ఉన్నది మూడు గంటలు.

కుర్చీలోంచి లేచి, భీమరాజుకి కనపడకుండా క్రోటన్ల చాటున చుట్టు తిరిగి బోరు దగ్గరికెళ్ళింది. ఏసమ్మ బిందె కడుగుతోంది.

"ఏసమ్మా, లోవకి నీళ్ళు ఇవ్వడంలేదేం?"

"అయ్యో, అడిగానండి. ఒద్దందండి. ఒద్దన్నాక బలవంతం చేత్తే బాగోదని ఊరుకున్నాను."

"అది వద్దంటుంది. ఎప్పుడడిగినా అదే అంటుంది. నేను నేర్పిన మాట అది. ఇంక దాన్ని అడక్కు. చేతిలో పెట్టెయ్. గంటకోసారి."

ఏసమ్మ ఆవిడ మొహం కేసి చూసింది. "ఆయ్, అలాగేనండి." బిందె బోరు కింద పెడుతూ అడిగింది, "నేను రాని రోజున ఎలాగండి?"

"నీ బదులు వచ్చినవాళ్ళకి నువ్వు చెప్పాలి," అంది సూర్యకళ. అలా ఎన్నాళ్ళు, ఎంతమందికి?

ఏసమ్మ బిందె ఎత్తుకుంటూ, "మీరు తాగుతారేంటండి?" అంది.

"వద్దులే, నువ్వెళ్ళు."

ఏసమ్మ వెళ్ళిపోయింది. సూర్యకళ నాలుక అంగిలికి అంటుకుపోయి ఉంది.

ఆకుల సందులోంచి చూసింది. ఏసమ్మ గ్లాసు లోవలక్ష్మి చేతిలో పెట్టి మాట్లాడకుండా నిలబడింది. పిల్ల చాలాసేపు గ్లాసు కేసి చూస్తూ ప్రశ్న కోసం ఆగింది. అది రాలేదు. అప్పుడు గ్లాసెత్తి గటగటా తాగేసింది, గెడ్డం మీంచి కారి జాకెట్టు తడిసేలా. గ్లాసు మళ్ళీ చాపింది. సూర్యకళ పమిట నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నాలుగున్నరకి భీమరాజు వచ్చాడు. "పిల్ల ఉండిపోవచ్చండి. కానీ ఒక్క మాట. మీరింక ఇటు రాకూడదు మరి. చూసిందంటే మళ్ళీ మొదటికొస్తాది."

"రానండి," అంది సూర్యకళ.

చెప్పి వెళ్తే పిల్ల లేచి వెంట వచ్చేస్తుంది. అందుకని చెప్పలేదు. సంచీ భుజాన వేసుకుని, వెనక గేటులోంచి కాలవగట్టు మీదికి వచ్చేసింది. రాజమండ్రి వైపు ఆటో ఒకటి వస్తుంటే చెయ్యెత్తింది. ఎక్కుతూ, ఉండబట్టలేక కంచె మీంచి ఒక్కసారి చూసింది.

ఏసమ్మ మజ్జిగ పోస్తోంది. లోవలక్ష్మి సగం తాగి ఆగింది. గ్లాసు పట్టుకుని లేచి, మళ్ళు దాటుకుంటూ నడిచి, మందారాల వెనక్కి వచ్చింది. ఎక్కడా వెతుక్కోలేదు. ఆ చోటు తెలిసినట్టే వచ్చింది. పొద్దుటినుంచీ దానికి తెలుసన్నమాట. ఖాళీ కుర్చీని చూసింది. ఎవర్నీ అడగలేదు. గ్లాసు అందులో పెట్టి, వెనక్కెళ్ళి కవరు అందుకుంది.

"ఎక్కుతారాండి?" అన్నాడు ఆటో అతను.

సూర్యకళ ఎక్కింది. కంచె అవతల, ఇటుకముక్క మీద ఒరిగిన కుర్చీలో, సగం మజ్జిగతో స్టీలు గ్లాసు ఎండకి మెరుస్తోంది.