ఆగకూడని ఫోను

ఫోన్లు బాగుచేసే ఆవిడకు ఆ వీధివాళ్లు పెట్టిన పేరు ఆరా. అసలు పేరు ఆమె ఇంట్లోవాళ్లకైనా గుర్తుందో లేదో. పదిహేనేళ్లుగా ఫోన్లు విప్పి చూస్తున్నా ఆమె కుతూహలం మాత్రం తీరలేదు. స్క్రీన్ పగిలిందని ఎవరైనా వస్తే, ఎలా పగిలింది, ఎవరి చేతిలో పగిలింది, అంతకుముందు ఇంట్లో ఏం మాట జరిగింది అన్నదాకా రాబట్టనిదే స్క్రూడ్రైవర్ పట్టుకునేది కాదు. అయితే రెండు నియమాలు తప్పేది కాదు. మనుషుల్ని ఎంతైనా అడుగుతుంది గాని ఫోన్‌లో ఉన్నదేదీ తెరిచి చూడదు. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పదు. కొట్టు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని రసీదులు రాసే అత్తగారికి ఈ రెండో నియమం ఇప్పటికీ మింగుడుపడదు. ఆ అత్తగారి నోట్లో నువ్వుగింజ నానదు.

ఒకరోజు కొట్టు తెరిచీ తెరవగానే యాభై దాటిన ఒకావిడ వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, తీయడం మరిచిపోయినట్టుంది. సంచిలోంచి ఒక పాత ఫోన్ తీసి నెమ్మదిగా బల్లమీద పెట్టింది. దానికో వైరు, వైరు చివర పవర్ బ్యాంకు. రెండూ విడిపోకుండా కర్టెన్ గుడ్డముక్కతో కట్టేసి ఉన్నాయి.

"బ్యాటరీ మార్చాలమ్మా. కానీ ఆపకూడదు."

"ఏది ఆపకూడదు?"

"ఫోను. ఒక్క క్షణం కూడా ఆపకూడదు."

ఆరా ఆమె ముఖంలోకి చూసింది. వేళాకోళం కాదు. "బ్యాటరీ తీసేశాక ఫోన్ దేనిమీద నడుస్తుందక్కా, గాలిమీదా?"

"అది తెలిస్తే నేనే మార్చుకునేదాన్ని కదా."

స్టూలు మీద అత్తగారు కలం పక్కన పెట్టేసింది. ఇక వినడమే ఆమె పని.

ఆరా ఫోన్‌ను తిప్పి చూసింది. వెనక మూత ఒక అంచున లేచి, సందులోంచి గోరు దూరేలా ఉంది. లోపల బ్యాటరీ పొట్ట ఉబ్బింది. ఏళ్లతరబడి రాత్రీపగలూ కరెంటుకే తగిలించి ఉంచితే ఉబ్బక ఏం చేస్తుంది. వైరు పీకి చూస్తే యాభై శాతం ఉన్న ఛార్జింగ్ అరనిమిషంలో ముప్పైకి పడింది. ఆవిడ గబుక్కున వైరు లాక్కుని మళ్లీ గుచ్చింది.

ఫోన్‌లోకి తొంగిచూడకూడదన్న నియమం ఉంది నిజమే గాని, తెరమీద కళ్లెదురుగా వెలుగుతున్నదానికి కళ్లు మూసుకోవాలని ఎక్కడా లేదు. అక్కడ ఒక స్టాప్‌వాచ్ నడుస్తోంది. ఇరవైఏడు వేల ఏడువందల అరవైనాలుగు గంటలు. దాని పక్కన నిమిషాలు, ఆ పక్కన పరుగెత్తుతున్న సెకన్లు.

"ఇదేమిటక్కా?"

"గడియారం," అని ముక్తసరిగా అంది ఆవిడ. ఇక అడగొద్దని ఆ మాటలోనే ఉంది.

ఆ మోడల్ బ్యాటరీ ఇప్పుడు ఊళ్లో ఎక్కడా దొరకదు. తెప్పించడానికి మూడు రోజులు పడుతుందని, ఉబ్బిన బ్యాటరీని ఇంట్లో పెట్టుకోవడం మంచిది కాదని ఆరా చెప్పింది. ఇసుక పోసిన ఇనుప ట్రేలో ఫోన్ పెట్టి, కొద్దికొద్దిగా ఛార్జింగ్ ఎక్కేలా అమర్చింది. ఆపకుండా మార్చడం కుదురుతుందో లేదో మాట ఇవ్వలేనంది. ఆవిడ ట్రే వైపు చాలాసేపు చూసి, "సాయంత్రం ఐదింటికి వచ్చి చూసుకుని పోతాను," అని వెళ్లింది.

ఆవిడ వీధి మలుపు తిరగకముందే అత్తగారు ఇరవైనాలుగుతో భాగించడం పూర్తిచేసింది. "పదకొండువందల యాభైఆరు రోజులే. మూడేళ్లు దాటింది. మొగుడు చెప్పకుండా పోయుంటాడు."

"పోతే తేదీ రాసుకుంటారు గాని సెకన్లు లెక్కపెడతారా అత్తయ్యా?"

"అయితే ముక్కుపొడుం మానేసుంటుంది. మానేసినవాళ్లకు సెకన్లు కూడా లెక్కే. మీ మామగారు మానేసిన ఆ నాలుగు రోజులూ నాకు తెలుసు."

ఆరాకు అదీ నచ్చలేదు. ఆ రాత్రి అన్నం కలుపుతూ ఆగిపోయింది, పళ్లు తోముకుంటూ ఆగిపోయింది. ఆగిపోతే పోయేదేమిటి ఆ లెక్కలో?

మొదటి సాయంత్రం సరిగ్గా ఐదింటికి ఆవిడ వచ్చింది. ఆస్పత్రిలో మనిషిని చూసుకున్నట్టు ట్రే మీదికి వంగి చూసి వెళ్లిపోయింది. రెండో సాయంత్రమూ అంతే. మూడోనాడు మాత్రం ఆరా కుర్చీ జరిపింది, మంచినీళ్లు ఇచ్చింది. "ఈ పని రేపు చేస్తాను. చేసేటప్పుడు చేయి జారితే నేనేం పోగొడుతున్నానో నాకు తెలియాలి కదక్కా," అంది. అడిగిన తీరు న్యాయంగానే ఉంది. ఆవిడ టేపును వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"నాకో చెల్లెలుంది. ఇద్దరం ఒకే గదిలో కర్టెన్లు కుట్టేవాళ్లం. అది ఒకటే వాగుడు. మిషను చప్పుడైనా మధ్యలో ఆగుతుంది గాని దాని నోరు ఆగదు. ఒకరోజు ఒక పెద్ద హాలుకి గుడ్డ కత్తిరిస్తున్నా. దాని కబుర్లలో పడి కొలత తప్పాను. జానెడు పొట్టి. మొత్తం పన్నెండు కర్టెన్లు."

"అమ్మో," అంది అత్తగారు గుమ్మంలోంచి.

"ఒళ్లుమండి అన్నాను, నువ్వు రెండు గంటలు నోరు మూసుకుని ఉండలేవే అని. నువ్వు మాత్రం నన్ను పలకరించకుండా ఉండగలవా అంది. సరే చూద్దాం అనుకున్నాం. ఇద్దరివీ ఒకేరోజు కొన్న ఒకే రకం ఫోన్లు. ఎదురెదురుగా పెట్టుకుని నొక్కాం. ఎవరిది ముందు ఆగితే వాళ్లు ఓడినట్టు. ఓడినవాళ్లు రెండోవాళ్ల దగ్గరికి వెళ్లి ముందు పలకరించాలి. అప్పుడు ఇద్దరం నవ్వుకుంటూనే నొక్కామమ్మా."

రెండు గంటలు గడిచాయి. ఎవరూ నోరు విప్పలేదు. పడుకునేటప్పుడూ లేదు, తెల్లారాకా లేదు. వారం తిరిగేసరికి నవ్వులాట కాస్తా చిలికి చిలికి గాలివాన అయింది. నెల తిరిగేసరికి చెల్లెలు మిషను ఎత్తుకుని నాలుగు వీధుల అవతల వేరే గది చూసుకుంది.

"గెలవాలనే ఆపొద్దంటున్నారా అక్కా?"

ఆవిడ వేలికి చుట్టిన టేపు విప్పింది. "మొదట్లో గెలవాలనే. ఇప్పుడు అదేం లేదు. నేనూ అదీ కలిసి చేస్తున్న పని ఇదొక్కటే మిగిలింది. ఇదీ ఆగిపోతే ఇంకేముంది మా ఇద్దరికీ?"

"మరి ఓడిపోయి వెళ్లొచ్చుగా?"

"వెళ్తే అది తలుపు తీయకపోతే?"



నాలుగోరోజు పొద్దున బ్యాటరీ వచ్చింది. ఆరా ముందు అదే మోడల్ చెత్తఫోన్ ఒకటి వెతికి దానిమీద సాధన చేసింది. మొదటిసారి అది చచ్చింది. రెండోసారి బతికింది. అప్పుడు అసలు ఫోన్ ట్రేలోంచి తీసి, అంచులు వెచ్చచేసి, పల్చటి ప్లాస్టిక్ రేకుతో మూత లేపింది. బ్యాటరీ వైరు బోర్డుకు తగులుకునే కొక్కెం దగ్గర, పక్కనే ఉన్న రెండు చుక్కలకు వెంట్రుకంత తీగలు అతికించింది. ఆ తీగల రెండో కొనలు బల్లమీది కరెంటు పెట్టెకు తగిలించి నాలుగు వోల్టులు ఇచ్చింది. ఇప్పుడు ఫోన్‌కు రెండు వైపులనుంచీ ప్రాణం అందుతోంది. ఒకటి తీసేసినా రెండోది నిలబెట్టాలి.

"ఫ్యాన్ ఆపండి అత్తయ్యా. తుమ్మొస్తే బయటికెళ్లి తుమ్మండి."

పాత బ్యాటరీ కొక్కెం లేపింది. తెర ఒక్కసారి మసకబారింది. జానెడు గుడ్డ, మూడేళ్ల మౌనం, ఇద్దరు మనుషులు, అన్నీ ఆ రెండు తీగలమీద వేలాడుతున్నాయి. తెర మళ్లీ వెలిగింది. సెకన్లు పరుగెత్తుతూనే ఉన్నాయి. ఉబ్బిన బ్యాటరీని చీలకుండా జిగురుపట్టీ లాగి బయటికి తీసి ఇసుకలో పడేసింది. కొత్తది కూర్చి కొక్కెం నొక్కింది, తీగలు విప్పింది, అప్పుడు గాని ఊపిరి వదల్లేదు. వైరు లేకుండా ఆ ఫోన్ బల్లమీద ఒంటరిగా వెలుగుతుంటే ఆరాకు ఏడుపొచ్చినంత పనైంది.

మధ్యాహ్నం నాలుగు దాటాక ఇంకొకావిడ వచ్చింది. గుమ్మం ఎక్కుతూనే ఎండ గురించి, వీధిలో తవ్విన గుంత గురించి, రిక్షావాడు ఆ గుంత చూసుకోకపోవడం గురించి చెప్పేసింది. చెబుతూనే ఫోన్ తీసి బల్లమీద పెట్టింది. అదే మోడల్. వెనక మూత అదే అంచున లేచి ఉంది. ఆమె మెడలోనూ టేపు.

ఆరా తన బల్లమీదున్న ఫోన్‌ను గుడ్డ కింద దాచింది. అత్తగారు నోరు తెరవబోయింది. కోడలు చూసిన చూపుకి మూసేసింది. ఆమె జీవితంలో అదో అపురూప ఘట్టం.

"బ్యాటరీ మార్చాలా అక్కా?" అని అడిగింది ఆరా, తనకేమీ తెలియనట్టు.

"వద్దు. మార్చొద్దు. ఇది ఎన్నాళ్లకు చస్తుందో చెప్పు చాలు."

ఈ మాట మాత్రం ఆరా ఊహకు అందలేదు. "చావడం కావాలా మీకు?"

"నేను ఆపకూడదమ్మా. ఆపితే నేను ఆపినట్టు. ఛార్జింగ్ పెట్టకపోతే అదీ నేను చేసినట్టే. అందుకే పూటపూటా పెడుతున్నా, అన్యాయం చేయట్లేదు. కానీ అదంతట అది చస్తే ఎవరేం అంటారు? ఓడిపోయానని చెప్పి దర్జాగా మా అక్క దగ్గరికి వెళ్తాను." చీరకొంగుతో తెర తుడిచింది. "మూడేళ్లనుంచీ చూస్తున్నా, చావదే. మొండిది. అచ్చం దాని జతలాగే."

ఆరా గోడ గడియారం చూసింది. ఐదుకు ఇంకా పావుగంట ఉంది. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదు. అవును. కానీ ఒకరిని కూర్చోమనకూడదని నియమమేం లేదు.

"చూసి చెప్తాను. పావుగంట పడుతుంది. కూర్చోండి."

పరీక్ష చేయడానికి నిజానికి రెండు నిమిషాలు చాలు. ఆరా మీటరు ముళ్లు అక్కడా ఇక్కడా పెడుతూ, ఉత్తినే తలూపుతూ పావుగంట నెట్టుకొచ్చింది. చెల్లెలు గారు అత్తగారికి వీధిగుంత కథ మళ్లీ మొదటినుంచి చెప్పింది.

ఐదింటికి వీధిలో చెప్పుల చప్పుడైంది. గుంత కథ మధ్యలో తెగిపోయింది. అక్క గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు, వెనక్కీ పోలేదు. చెల్లెలు లేచి నిలబడి, మళ్లీ కూర్చుని, టేపు సర్దుకుంది.

ఆరా గుడ్డ తీసి రెండు ఫోన్లనూ పక్కపక్కన పెట్టింది. గంటలు ఒకటే, నిమిషాలు ఒకటే. సెకన్లలో చెల్లెలిది మూడు వెనక. ఆరోజు నొక్కడంలో అంత ఆలస్యమైందన్నమాట.

అక్క రెండింటినీ చూసింది. "ఆ రెండోదానికి కూడా మార్చావా అమ్మా?" అని ఆరాను అడిగింది.

"వద్దన్నారక్కా."

"ఎందుకట?"

"అది మీరు ఆవిణ్నే అడగాలి."

అడగలేదు. అడగడమంటే పలకరించడమే. చెల్లెలి ఫోన్ ఉబ్బిన వీపు మీద, దానికి చుట్టిన వైరు మీద, వైరు తెగినచోట వేసిన కర్టెన్ గుడ్డ పట్టీ మీద ఆమె చూపు ఆగింది. పన్నెండు కర్టెన్ల తాలూకు గుడ్డే అది. అక్క ముందుకు వచ్చింది. ఒక్క క్షణం ఆగకూడదని మూడేళ్లుగా కాపలా కాసిన తన ఫోన్ మీద వేలు పెట్టి నొక్కింది.

సెకన్లు నిలిచిపోయాయి.

"నాదే ముందు ఆగిందే," అంది.

చెల్లెలు ఆ తెర వంక, తర్వాత అక్క వంక చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తీరా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది:

"కొత్త బ్యాటరీ వేయించి మరీ ఆపుతావా? నీకు మొదట్నుంచీ డబ్బంటే లెక్క లేదు."

"రెండు గంటలు ఉండలేవన్నాను. ఉన్నావు. ఒప్పుకున్నాను కదా, ఇంకా దెప్పుతావేంటి?"

"దెప్పకేం చేయను? ఆ హాలువాళ్లు ఆ కర్టెన్లకి కింద అంచు అతికించుకుని ఇప్పటికీ వాడుతున్నారు తెలుసా? నేను చూసొచ్చాను. నువ్వు ఊరికే గోల చేశావు."

"అతికించారా? ఏ రంగు గుడ్డ?"

"రా చెప్తాను. ఎలాగూ మా ఇంటికి నువ్వే రావాలి, ఓడింది నువ్వు."

ఇద్దరూ మెట్లు దిగారు. ఆరా మీటరు పక్కన పెట్టి చూసేసరికి ఫోన్లు రెండూ బల్లమీదే ఉన్నాయి. ఒకటి ఆగి ఉంది, రెండోది ఉబ్బిన పొట్టతో ఇంకా పరుగెడుతూనే ఉంది. రెండూ చేతిలోకి తీసుకుని వీధిలోకి పరుగెత్తింది.

అక్కాచెల్లెళ్లు గుంత దాటి వెళ్తున్నారు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఒకరి మాట ఒకరికి వినపడుతోందో లేదో గాని ఎవరూ ఆగడం లేదు. పిలుద్దామని ఆరా నోరు తెరిచింది. పిలిస్తే వెనక్కి తిరుగుతారు. తిరిగితే మాట ఆగుతుంది.

ఫోన్లు రెండూ కొంగులో పట్టుకుని ఆమె చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేసింది.