తీగకు పెట్టిన బొట్టు

దసరా సెలవులు కాగానే హైదరాబాద్ పెద్దాఫీసు వాళ్లకు తొందర పుట్టింది. వరంగల్‌లోని ఆ పత్తి విత్తనాల కంపెనీలో నాలుగు కంప్యూటర్లు హాల్లో ఒకే తీగతో కలిపి ఉన్నాయి. హైదరాబాద్‌కు మెయిల్ పంపే కంప్యూటర్ మాత్రం పక్క గదిలో, ఫోన్ లైను మీద, ఎవరితోనూ పొత్తు లేకుండా ఉంది. ఇన్నాళ్లూ ఆపరేటర్ అనసూయ ఉత్తరాలను ఫ్లాపీలోకి ఎక్కించుకుని ఆ గదికి మోసేది. ఇప్పుడు రెంటినీ కలుపుతూ కొత్త తీగ వేశారు. హాల్లో కొట్టిన మెయిల్ నేరుగా హైదరాబాద్ చేరాలి.

"సాయంత్రం దాక చూస్తరట," అన్నాడు మేనేజర్ కిషన్ రావు. "మెయిల్ పోకపోతే మిషన్లన్నీ హైదరాబాద్ తెప్పించుకుంటరట. నిన్ను గూడ అక్కడికే ఏస్తరు అనసూయమ్మా."

అనసూయ భర్త ఎల్లస్వామి కాజీపేట రైల్వే లోకోషెడ్డులో ఫిట్టర్. ఆయనకు బల్లార్షా నుంచి బదిలీ దొరికి, ఇద్దరికీ ఒక్క పొయ్యి అయి ఇంకా ఏడాది కాలేదు. మళ్లీ ఆదివారాల సంసారమేనా?

పొద్దుటి నుంచీ మెయిల్ కదలడం లేదు. తీగ తగిలించే కార్డు మార్చింది, సెట్టింగులు చూసింది, మెయిల్ మిషన్‌ను ఆపి మళ్లీ వేసింది. దేనికదే శుభ్రంగా పనిచేస్తోంది. అలిగిన తోటికోడళ్లలా పక్కపక్కనే ఉండి మాట్లాడుకోవడం లేదు, అంతే.

చివరికి మెయిల్ మిషన్ వెనక తీగ మూతి విప్పి కిటికీ వెలుతురులో చూసింది. లోపలి సన్నని సూది చుట్టూ ఎండిపోయిన పసుపు, దాని మీద కుంకుమ.

పెట్టింది తనే. ఆయుధపూజనాడు అందరూ టైపు మిషన్‌కూ జీపుకూ బొట్లు పెడుతుంటే, తను ఇంకా బిగించని ఈ తీగకు పెట్టింది. నన్నూ ఆయననూ విడదీయకు తల్లీ అని మొక్కుకుని, పసుపు కాస్త గట్టిగానే అద్దింది. వైరింగ్ వాళ్లు పూజ చేసిన వస్తువని దాన్ని అలాగే బిగించి పోయారు.

దూది తీసుకుంది గానీ చెయ్యి ముందుకు సాగలేదు.

"బొట్టు తుడుస్తవా బిడ్డా?" గది ఊడుస్తున్న బక్కమ్మ చీపురు ఆపింది. "మెడల పుస్తె ఉన్నదానివి. జర ఆలోచించు."

ఆ మాటే అనసూయ మనసులోనూ ఉంది. తన చేత్తో బొట్టు చెరిపిన ఆడది వాళ్లింట్లో లేదు. చదువు అది సూది తగలకుండా అడ్డుపడే మురికి అంటోంది, ఒళ్లు ఒప్పుకోవడం లేదు. దేనికోసం పెట్టిందో దానికోసమే తుడవాల్సి రావడం ఆమెకు అన్యాయంగా తోచింది. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

"ఆయన దగ్గర ఉండాల్నంటే తుడువాలె అవ్వా," అంది మెల్లగా.

స్పిరిట్ అద్దిన దూదికి పసుపంతా వచ్చేసింది. తీగ బిగించి, హాల్లోకి పోయి, వరంగల్ నుంచి పంపుతున్నాం, అందిందా అని కొట్టింది. కాసేపటికి తెరమీద జవాబు కనిపించింది. అందింది. మిషన్లు అక్కడే ఉంచుకోండి.

కిషన్ రావు అందరికీ చాయ్ చెప్పి, "ఇంతకూ ఏమైందమ్మా దానికి?" అని అడిగాడు.

అనసూయ వేలు అప్పటికే నుదుటి మీదికి పోయి, తన బొట్టు ఉందో లేదో తడుముకుంటోంది.