గొడ్డలి మీది మరక

వకీలు చూసిపెట్టమని ఇచ్చిన తీర్పు ప్రతిలో ముప్పై ఒకటో పేజీ దగ్గర జయపాల్ నాలుగు రోజులుగా ఆగిపోయాడు. జనగామలో ముప్పయ్యేళ్లు రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి; ఏ మాటనైనా రెండో చోట సరిచూసుకోనిదే నమ్మడు. ప్రయోగశాల నివేదికలో ఉన్నది ఇంతే: గొడ్డలి మీది మరకలో రక్తం ఉంది, అది ఏ జీవిదో తేల్చడం సాధ్యపడలేదు. తీర్పులోకి వచ్చేసరికి అదే మరక హతుడు మంగ్యా రక్తమైంది. ఈ రెండింటి నడుమ ఇంకో పరీక్ష ఏదైనా చేసినట్లు రికార్డులో ఎక్కడా లేదు.

వేళల సంగతి మరీ అధ్వాన్నం. మరణం మధ్యాహ్నం పన్నెండుకూ సాయంత్రం ఆరుకూ మధ్య ఎప్పుడైనా జరిగి ఉండవచ్చన్నాడు డాక్టరు. నిందితుడు హరిలాల్ గొడ్డలితో అడవి బాటన రావడం ఐదున్నరకు ఒకరు చూశారు గనుక పోలీసులు హత్యను ఐదింటికి ఖాయం చేశారు. హత్య ఐదింటికి జరిగింది గనుక ఆ గొడ్డలితోనే జరిగిందన్నారు. ఒకదాని భుజాల మీద ఇంకొకటి నిలబడింది. కింద నేల మాత్రం లేదు.

హరిలాల్‌కు యావజ్జీవం పడి తొమ్మిదేళ్లు. అప్పీలు వచ్చే సోమవారం హైకోర్టు ముందుకు వస్తుంది.

జయపాల్ ఎదురుగా కూర్చున్నవాళ్లు హరిలాల్ తల్లి కాళి, తమ్ముడు బలరాం. భూపాలపల్లి జిల్లాలో మహదేవపూర్ అవతలి తండా నుంచి పొద్దున్నే బయలుదేరి, బస్సులు మారి వచ్చారు.

"అవ్వా, మరక మంగ్యాది కాదంటే సరిపోదు. మరి ఎవరిదని అడుగుతరు," అన్నాడు జయపాల్.

తల్లీకొడుకులు తమ భాషలో గొంతు తగ్గించి వాదులాడుకున్నారు. అతనికి ఒక్క ముక్కా అందలేదు. చివరికి బలరామే తెలుగులోకి వచ్చాడు.

"దుప్పిది సారు. పొద్దుగాల్నే ఐదుగురం అడవిల వడ్డం. మంగ్యాను సంపిండ్రన్న యాళ్లకు అన్న దుప్పి తోలు తీస్తుండు. మాంసం మేం వేరే బాటన తెచ్చినం."

"ఈ మాట కోర్టుల ఎందుకు చెప్పలే?"

"ఎట్ల జెప్తం? మేం మనిషిని సంపలే సారూ, దుప్పిని సంపినం అనాల్నా? ఐదుగురం లోపలికి పోతుంటిమి."

"నేనే వద్దన్న," అంది కాళి. "చెయ్యని ఖూనీ ఎట్ల నిలుస్తది అనుకున్న. చదువుకున్నోళ్లు గిన్ని కాయితాలు తిరగేసిండ్రు, ఆ నెత్తురు దేనిదని ఒక్కలన్న అడిగిండ్రా?"

కేసు తన మీద పడినా సరే, సంతకం పెడతానన్నాడు బలరాం. జయపాల్ తల అడ్డంగా ఊపాడు. అన్న కోసం తమ్ముడు చెప్పే మాటకు కోర్టులో బరువు తక్కువ. మిగతా ముగ్గురూ వేటలో ఉన్నవాళ్లే.

"ఆ మాంసం ఎవరెవరు తిన్నరు?"

"తండ అంత. వేట వడితె ఇంటింటికి మాంసంల పాలు పోవాల్సిందే."

"పగవాళ్ల ఇంటికి కూడానా?"

"పగుంటే పాలు ఆపుతరా?" కాళి విసుక్కుంది. "మంగ్యా ఇంటికి మా హరియే పట్కపోయిండు. ఆయన పెండ్లాం చేతికిచ్చిండు."

జయపాల్ రాయడం ఆపాడు. ఆ పెండ్లాం రేణుక, పోలీసుల తరఫు రెండో సాక్షి. ఆ రోజు హరిలాల్‌ను చూడనే లేదని ప్రమాణం చేసి చెప్పింది.

మరునాడు అతడొక్కడే మహబూబాబాద్ వెళ్లాడు. రేణుక అక్కడ మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోతోంది. కల్లంలో ఘాటుకు మాట కంటే ముందు దగ్గు వస్తోంది.

"మల్ల పోలీసోల్లా?" ఆమె తలెత్తలేదు.

"కాదమ్మా, పంతులును."

"పంతుల్లకేం పని మా శవాలతోని?"

అతడు సంగతంతా చెప్పాడు, సోమవారం గురించి కూడా. ఆమె చేతులు ఆగలేదు.

"హరి గాకపోతే మరెవలు సంపిండ్రు?"

"తెల్వదమ్మా."

"గంత చదివి తెల్వదా?"

"తెలుసంటే అబద్ధమైతది."

ఆమె లేచి గోడ వారకు నడిచింది. అతడు వెంట వెళ్లాడు.

"దీపాలు పెట్టే యాళ్లకు హరి దుప్పి కూర తెచ్చిండు, మోదుగాకుల కట్టి," అంది. "మా ఆయనతోని చేను గట్టు పంచాది ఉండె, అయినా తెచ్చిండు. ‘వదినా, బొక్కలే ఎక్కువొచ్చినయ్, అన్నను రేపు నన్ను తిట్టుమను’ అని నవ్విండు. వండి కూసున్న. ఆయన రాలే. తెల్లారి ఉరికొచ్చి చెప్పిండ్రు, పత్తి చేన్ల పడున్నడని. ఎనుకనే పోలీసు జీపు. నేను మొదలు కూర దాసిన సారు. తర్వాత ఏడ్సిన."

"హరి మీ ఇంటికొచ్చిండా అని పోలీసోల్లు అడిగిండ్రు. వచ్చిండంటే ఎందుకొచ్చిండంటరు. రాలేదన్న," అంది.

నవ్వు సాక్ష్యం కాదని జయపాల్‌కు తెలుసు. ఆమె మాట హరిలాల్‌ను నిర్దోషిని చేయదు; దుప్పిని మాత్రం నిలబెడుతుంది. దుప్పి నిలబడితే మరకకు ఇంకో మూలం, ఐదున్నరకు ఇంకో కారణం దొరుకుతాయి. సందేహానికి అంత చాలు. కానీ ప్రమాణం మీద అబద్ధం చెప్పానని ఒప్పుకుంటే ఆమె మీదా కేసు రావచ్చు. దాచడం అతని వల్ల కాలేదు, చెప్పేశాడు. హరిలాల్ బయటికొస్తాడని మాట ఇవ్వలేనని కూడా చెప్పాడు.

ఆమె మండుతున్న వేళ్లను కొంగుకు తుడుచుకుంది.

"హరియే సంపిండని పిల్లలకు నేర్పిన, తొమ్మిదేండ్ల సంది. ముందు వాల్లకు జెప్పాలె. ఆదివారం రా, రాస్కుందువు."

"వకీలుకు శనివారమే అందాలమ్మా. రేపే శనివారం."

ఆమె బుట్టను కాలితో పక్కకు జరిపి కల్లం దాటి ఇంటివైపు నడిచింది.

"ఏందే, ఎవలు సచ్చిండ్రని గిట్ల పని నడుమ లేసి పోతున్నవ్?" మేస్త్రి అరిచాడు.

"మా ఆయన," అంది రేణుక, ఆగకుండానే.